కింద దారం

పోయినవారం మాబున్నీసాను దర్జీ కొట్టు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. జరిగిందంతా మరిచిపోయినా ఫర్వాలేదు, ఆ ప్రశ్న ఒక్కటి గుర్తుంటే కథ అందుతుంది. "అన్నా, ఈ పట్టీ కుట్టింది నువ్వేనా?" అని అడిగింది.

పట్టీ కౌంటరు మీదే పడి ఉంది. నవారులా మందంగా, అరచేతి వెడల్పున ఉంటుంది. ఒంటె పొట్ట కిందుగా తిప్పి జీనును బిగించడానికి వాడతారు. ఒక చివర ఇనుప రింగును మడతలో పెట్టి కుట్టాలి. ఆ మడత కుట్టు ఊడిపోయింది. రింగు జారింది, జీను జారింది, జీను మీది మనిషి కూడా జారాడు. ఆ మనిషి రసూల్, మాబున్నీసా మొగుడు. దోహా దగ్గర అల్ షహానియాలో ఒంటెల ఇజ్బాలో, అంటే ఒంటెల దొడ్డిలో, పనివాడు. ఇప్పుడు తొడ ఎముక విరిగి దోహా ఆస్పత్రిలో పడుకుని ఉన్నాడు.

ఇజ్బా పనులు చూసే మేనేజరు, ముదీర్, నిన్న వచ్చి ఆ పట్టీని కొట్టులో పారేసి వెళ్లాడు. శుక్రవారం పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు కాగానే వస్తానన్నాడు. కుట్టే చెడ్డదా, లేకపోతే పట్టీ పొడుగు చాలక రసూల్ కుట్టు విప్పి మళ్లీ కుట్టించకుండా వదిలేశాడా, ఏదో ఒకటి తేలాలన్నాడు. కుట్టు చెడ్డదైతే కుట్టినవాడి వీసా క్యాన్సిల్ చేయించి ఊరికి పంపించేదాకా వాళ్ల యజమాని, అర్బాబ్, ఊరుకోడు. రసూల్ విప్పి ఉంటే, కాలు కాస్త అతుక్కుని విమానంలో కూర్చోగలిగిన రోజునే రసూల్‌ను పంపేస్తారు. ఇద్దరిలో ఒకరు వెళ్లక తప్పదు. మాబున్నీసాకు ఒకరు అన్న, ఒకరు మొగుడు.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు కూడా అయిపోయింది. ముదీర్ రావడానికి ఇంక కొద్దిగా పొద్దుంది.

"నేనే కుట్టినా," అన్నాడు బాషా.

అనేసి గ్లాసుతో నీళ్లు తెచ్చి బెంచీ మీద ఆమె పక్కన పెట్టాడు. ఆమె గ్లాసు వైపు చూడలేదు.

"నీళ్లు తాగుమ్మా మాబూ."

"తాగను. ఆస్పత్రిలో నా మొగుడి ముందర ఒట్టు పెట్టుకోని వచ్చినా. ఎవురి చెయ్యి తప్పు జేసిందో ఆ చేతి నీళ్లు నేను బతికినన్నాళ్లూ ముట్టను. ముందు అది నీ చెయ్యో కాదో చెప్పు. అప్పుడు తాగుతా."

వీళ్లిద్దరూ రాయచోటి వాళ్లు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే అన్నాచెల్లెళ్లు. మాబున్నీసాకు కోపం వస్తే మాత్రం నోట్లోంచి తెలుగే వస్తుంది. ఆ సాయంత్రం వచ్చినప్పటి నుంచీ ఆమె ఒక్క ముక్క ఉర్దూ మాట్లాడలేదు. బాషా భయమంతా అందుకే.

కొట్టు యజమాని రఫీయుద్దీన్ తన కుర్చీలో కూర్చుని పాలు లేని టీ తాగుతున్నాడు. ఆయనది కరీంనగర్. మంచివాడే, కానీ కొట్టు పేరు దగ్గరికి వచ్చేసరికి మంచితనం కొంచెం పక్కకు తప్పుకుంటుంది. పట్టీని వేలితో దగ్గరికి లాక్కుని, ఊడిన కుట్టులోంచి వేలాడుతున్న కాఫీ రంగు దారాన్ని పైకెత్తి చూపించాడు. జానెడుకు పైగా ఉంది. ఎక్కడా తెగలేదు.

"గీ దారం జూడు బాషా. యాడన్న తెగిందా? నిండుగున్నది. దారం తెగకుంట కుట్టు ఎట్ల ఊడుతది? ఎవరో విప్పిన్రు. నేనైతే ముదీర్‌కు గదే చెప్త."

"ఎవురు విప్పినారు సేట్?" అంది మాబున్నీసా. గొంతు పెరగలేదు. "పేరు చెప్పు. నా మొగుడనే కదా నువ్వనేది?"

రఫీయుద్దీన్ టీ వైపు చూసుకున్నాడు.

బాషా ఆ దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. తన దారమే. కానీ చెల్లెలు ఎదురుగా ఉన్నప్పుడు మనిషికి సొంత చేతి మీద కూడా నమ్మకం సడలుతుంది. ఆ రోజు వేరే ఉండ తీశానా? తొందరలో నూలు దారం ఎక్కించానా? గుర్తు చేసుకునే కొద్దీ ఆ రోజు కుట్టిన పని అంతా ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి అయిపోయింది.

దారం విషయంలో బాషాకు ఉన్న పట్టింపు ఆ వీధిలో అందరికీ తెలుసు, కొందరు నవ్వుకుంటారు కూడా. అరబ్బులు వేసుకునే పొడుగు తెల్ల అంగీ తోబుకు సన్నని పాలిస్టరు దారమే వేస్తాడు. నూలు దారం వేస్తే ఉతికాక అది కుంచించుకుపోయి కుట్టు పొడవునా ముడతలు పడతాయంటాడు. పల్చటి వాయిల్ గుడ్డకు మాత్రం నూలు దారమే కావాలి. పట్టు జాకెట్టు వస్తే గట్టి దారం దగ్గరికి కూడా రానివ్వడు. లాగుడు పడినప్పుడు తెగాల్సింది దారం, గుడ్డ కాదు, దారాన్ని మళ్లీ వేసుకోవచ్చు అంటాడు. ఇండస్ట్రియల్ ఏరియా కంపెనీల పనివాళ్ల కవరాల్స్‌కు, ఒంటెల పట్టీలకు మందపాటి పాలిస్టరు దారం. చెమట తగిలినా, ఎండ తగిలినా అది నిలబడుతుంది. గిరాకీ మనుషులు రంగు చూపించి దారం అడిగితే, "రంగు తర్వాత సామీ, ముందు గుడ్డ చూపించు," అంటాడు. అలాంటివాడు ఇప్పుడు సొంత దారాన్ని పట్టుకుని అనుమానంగా చూస్తున్నాడు.

"సేట్, లైటర్ ఇయ్యి," అన్నాడు.

వేలాడే దారంలోంచి కొంచెం కోసి అంటించాడు. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. ఇది రెండూ చెయ్యలేదు. కరిగి, చివర నల్లటి గింజలా గడ్డ కట్టింది. మిషను బల్ల కింద నుంచి తను వాడే ఉండను తీసి దాని దారం కూడా అంటించాడు. అదే పొగ, అదే వాసన, అదే నల్ల గింజ. రెండూ పక్కపక్కన పెట్టాడు. తేడా లేదు.

బాషాకు ప్రాణం లేచి వచ్చింది. నా దారం సరైందే, నేను తప్పు చెయ్యలేదు అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం చెల్లెలి ముఖం చూశాడు. తను తప్పు చెయ్యలేదంటే ఆ తప్పు ఇంకెవరి నెత్తిన పడుతుందో అప్పుడు తోచింది. లేచి వచ్చిన ప్రాణం మళ్లీ కూలబడింది.

"దారం మంచిదేనా?" అంది మాబున్నీసా.

"మంచిదే."

"అంటే నా మొగుడే కుట్టు ఇప్పుకోని ఒంటె ఎక్కినాడంటావు. ఖురాన్ మీద ఒట్టేసి నేను ఇప్పలేదు అంటాండాడు. ఆయప్ప అబద్ధమాడతాండాడంటావు."

"నేనట్ల అంటినా?"

"ఇంకెట్ల అంటాండావు? దారం మంచిదంటివి. తెగలేదంటివి. అయినా కుట్టు ఊడె. నాకు చదువు రాదు గానీ ఈ లెక్క నాకు రాదా అన్నా?"

ఆ లెక్కే బాషాకూ రావడం లేదు. దారం తెగలేదు. రసూల్ అబద్ధమాడే మనిషి కాదు. కుట్టు మాత్రం ఊడింది. మూడూ నిజమే. మూడూ ఒకచోట ఇమడడం లేదు.

"రఫీ సాబ్," అన్నాడు బాషా, "ఇజ్బావాళ్లు కుట్టు ఇప్పాలంటే ఎట్ల ఇప్పుతారు?"

"కత్తో బ్లేడో పెట్టి కోస్తరు."

"కోస్తే దారం తునకలు తునకలైతాది కదా. ఇది చూడు, ఒకటే పోగు బయటికొచ్చింది."

"అయితే?"

"పైదారం ఇట్ల నిండుగా రావాలంటే కింద దారం తెగాలి. కింద దారం కోసి పైదారాన్ని ఒక్క లాగు లాగితే ఇట్లనే వస్తాది. మనం కుట్టు తప్పుపోతే ఇప్పేది అట్లనే. అది దర్జీ పని. ఒంటెలు కాసేవాళ్లకు ఆ తెలివి యాడిది?"

రఫీయుద్దీన్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఈ మాట ఆయనకు అసలు నచ్చలేదు. రసూల్ వైపు వెళ్తున్న నేరం మళ్లీ కొట్టు వైపు తిరుగుతోంది. ఏదో అనబోయాడు గానీ అంతలో మగ్రిబ్ అజాన్ మొదలైంది. "నేను మస్జిద్‌కు పోయొస్త. నువ్వు గా తెలివి ముదీర్ ముందర చూపియ్యకు," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మాబున్నీసా తలమీది చున్నీని ముఖం మీదికి లాక్కుని గోడకు తల ఆనించింది. ఏడుస్తోందో, దువా చదువుకుంటోందో బాషాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు.

అతను పట్టీని తిరగేశాడు.

అందరూ ఇంతసేపూ పైవైపే చూశారు, బాషాతో సహా. కుట్టు బాగోగులు పైనే చూడడం అలవాటు. కింది వైపున, మిషను లోపలి చిన్న చక్రం బాబిన్ నుంచి వచ్చే కింద దారం ఉంటుంది. ఊడిన మేరకు అది ఎక్కడా పోగుగా లేదు. సూది రంధ్రాల్లో చిన్న చిన్న తునకలుగా ఇరుక్కుని ఉంది. ఊడకుండా మిగిలిన కుట్టు మీద గోరు పెట్టి గీకాడు. దారం పొడి సేమియాలా పుటుక్కుమంది. ఇంకో చోట గీకాడు. అక్కడ తెగలేదు. ఇంకొంచెం పక్కన మళ్లీ పుటుక్కుమంది.

బాషా పట్టీని వెలుతురులో పెట్టి చూశాడు. కింద దారం రంగు ఒకేలా లేదు. నాలుగు వేళ్ల మేర ముదురు కాఫీ రంగు, తర్వాత నాలుగు వేళ్ల మేర వెలిసిన రంగు, మళ్లీ ముదురు, మళ్లీ వెలిసిన రంగు. ముదురుగా ఉన్నచోట గట్టిగా ఉంది. వెలిసినచోట పొడి అవుతోంది. ఇలాంటి దారాన్ని అతను ఎప్పుడూ కొనలేదు. ఎవరూ ఇలా తయారు చెయ్యరు.

ఒకటే ఉండకు ఒక పక్క ఎండ తగిలి, ఇంకో పక్క నీడ ఉంటే? ఆ ఉండను విప్పుతూ పోతే సగం చుట్టు వెలిసింది, సగం చుట్టు మంచిది వస్తుంది.

బాషా తల ఎత్తి కిటికీ వైపు చూశాడు.

కొట్టు ముందర ఉన్న అద్దాల కిటికీలో దారం ఉండలు వరసగా పేర్చి ఉంటాయి, అందానికి. కొట్టు తెరిచిన కొత్తలో రఫీయుద్దీన్ చవకగా వస్తున్నాయని కొన్న నైలాను దారం. లాగితే తాడులా ఉంటుంది, చూసినవాళ్లు ఇదే గట్టిది అనుకుంటారు. బాషా మొదటి రోజే వద్దన్నాడు. "ఈ దేశం ఎండకు నైలాను ఆగదు సేట్, పిండి అయిపోతాది. అద్దంలో పెట్టు, చూసేదానికన్నా పనికొస్తాది," అన్నాడు. అప్పటి నుంచీ అవి అక్కడే ఉన్నాయి, ఎండ వైపు రంగు పోయి. ఎర్రది గులాబీ అయింది, పచ్చది బూడిద అయింది. వాటిని ఎవరూ ముట్టుకోరు.

కానీ కాఫీ రంగు ఉండ ఒక్కటి కొత్తగా ఉంది. ఎండ వైపు కూడా ముదురుగానే ఉంది. పై పొర ఎవరో తీసేశారు.

బాషా చెప్పులు చప్పుడు కాకుండా కిటికీ దగ్గరికి వెళ్లాడు. మాబున్నీసా కూర్చున్న బెంచీ కిటికీకి ఆనుకునే ఉంది. చెయ్యి చాపితే ఉండ అందుతుంది. ఆమె కళ్లు మూసుకునే ఉంది. అతను ఉండను తీసి తిప్పి చూశాడు.

దారం కొసను ఉండ మొదట్లో చుట్టి, మెలిపెట్టి, చిన్న ఉచ్చులా ముడి వేసి ఉంది. ఒక కొస లాగితే ఊడుతుంది, ఊరికే ఉంటే ఎన్నాళ్లయినా ఊడదు. దోహాలో ఏ దర్జీ అలా కట్టడు. అందరూ కొసను అట్ట గాడిలో దోపేసి వదిలేస్తారు. ఆ ముడి రాయచోటిలో వాళ్లమ్మది. బొంతలు కుట్టే అమ్మ దారం చిక్కు పడకుండా అలా కట్టేది. ఆ ముడి బాషాకు ఎంత నేర్పినా రాలేదు. మాబున్నీసాకు వచ్చింది.

అప్పుడు అతనికి పట్టీ కుట్టిన ఆ శుక్రవారం మొత్తం గుర్తొచ్చింది. ఒక కంపెనీ కవరాల్స్ రాశిగా పడి ఉన్నాయి. మధ్యలో ఈ పట్టీ. సెలవు దొరికిందని మాబున్నీసా వచ్చింది. తను పనిచేసే అరబ్బుల ఇంట్లో మామా, అంటే యజమానురాలు, ఎలా అరుస్తుందో, రసూల్ ఎంత చిక్కిపోయాడో చెబుతూ అదే బెంచీ మీద కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఎందుకని, "ఏమన్నా పని చెప్పన్నా," అంది. అతను మిషను మీంచి తల ఎత్తకుండానే అన్నాడు:

"ఆ కాఫీ రంగు దారం తీసుకోని నాలుగు బాబిన్లు చుట్టిపెట్టుమ్మా."

కాఫీ రంగు అన్నాడు. బల్ల కింద ఉందని చెప్పలేదు. పాలిస్టరని చెప్పలేదు. ఊళ్లోవాళ్లందరికీ రంగు తర్వాత, ముందు గుడ్డ అని చెప్పే మనిషి, చెల్లెలికి మాత్రం రంగు చెప్పి ఊరుకున్నాడు. ఆమె పక్కకు చూసింది. కాఫీ రంగు కనపడింది. తీసింది, చుట్టింది, అమ్మలాగా ముడి వేసి తీసినచోటే జాగ్రత్తగా పెట్టింది. ఆ సాయంత్రం కింద దారం రెండు మూడుసార్లు తెగింది. బాషా మిషన్ను తిట్టుకుని నూనె వేసి, మళ్లీ కుట్టుకుంటూ పోయాడు.

బెంచీ మీద కూర్చున్న చెల్లెలిని చూస్తే దుఃఖం వచ్చింది. మొగుడి కాలు విరిగిందని ఎవరి చేతి మీద ఒట్టు పెట్టుకుని వచ్చిందో ఆ చెయ్యి ఆమె ఒళ్లోనే ఉంది. చెప్తే తను బయటపడతాడా? ఏమో. కొట్టులో జరిగిన తప్పు కొట్టుదే. ఆ దారం ఆమె చుట్టిందని చెప్తే ఆమెను పనిలోంచి తీసేస్తారా? ఏమో. రసూల్ ఏమనుకుంటాడు? ముడి విప్పేయాలని మాత్రం తట్టింది. కొస పట్టుకుని లాగబోయాడు. ఏ కొస లాగాలో తెలియలేదు.

బయట ల్యాండ్ క్రూజర్ ఆగింది. బాషా ఉండను కిటికీలో పెట్టేసి, కౌంటరు దగ్గరికి వచ్చేశాడు.

ముదీర్ లోపలికి వచ్చాడు. వెనకే రఫీయుద్దీన్ పరుగులాంటి నడకతో వచ్చాడు. ముదీర్ సలాం చెప్పి, పట్టీని వేలితో చూపించాడు.

"హాదా మిన్ సవ్వా?" అన్నాడు. ఎవరు చేశారిది అని.

రఫీయుద్దీన్ గొంతు సవరించుకుని, దారం తెగలేదనీ, ఎవరో విప్పి ఉంటారనీ వచ్చీరాని అరబీలో మొదలుపెట్టాడు. బాషా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అనా," అని మొదలుపెట్టి, మిగతాది కూడా తనకొచ్చిన అరబీలో చెప్పాడు. "నేనే. రసూల్ ఏం ఇప్పలేదు. కింద దారం చెడ్డది. ఎండకు పాడైన దారం. చూసుకోకుండా కుట్టినా. తప్పు నాది."

పట్టీని తిరగేసి గోరుతో గీకాడు. పుటుక్కుమన్న చప్పుడు కొట్టులో అందరికీ వినపడింది. ముదీర్ తనూ ఒకసారి గీకి చూసి తల ఊపాడు. నిజం చెప్పినందుకో ఏమో, అరవలేదు. రేపు పొద్దున అర్బాబ్ దగ్గరికి రమ్మని చెప్పి, పట్టీ తీసుకుని వెళ్లిపోయాడు.

మాబున్నీసా లేచి నిలబడింది. ముఖం మీది చున్నీ తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇందాక మంచిదంటివి కదా దారం," అంది.

"పైదారం చూసి చెప్పినా మాబూ."

"చూసుకోకుండా కుట్టినావా అన్నా? నా మొగుడు ఎక్కేదని తెలిసి కూడా?"

బాషా కౌంటరు మీది కాలిన దారం గింజలను వేలితో పక్కకు తోశాడు. మాట్లాడితే నోట్లోంచి ఏది వస్తుందో అతనికే తెలియదు.

ఆమె నీళ్ల గ్లాసును తీసుకెళ్లి కౌంటరు మీద అతని ముందు పెట్టింది. ఒక్క చుక్క కూడా తగ్గలేదు. "నేను పొయ్యొస్తా అని చెప్పను. ఈ కొట్టుకు మళ్లా రాను," అంది. ఈసారి ఉర్దూలో అంది. అన్న మీద కోపం కూడా మిగల్లేదన్నమాట. అది విన్నాక బాషా కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె బెంచీ దగ్గరికి వెళ్లి చెప్పులు వేసుకుంది. ఎడమ చెప్పు పట్టీ మడమ వెనక్కి రాలేదు. వంగి సర్దుకుంటూ, పడిపోకుండా కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించింది. వేళ్లకు ఏదో గుండ్రంగా తగిలింది. అటు చూడకుండానే దాన్ని పట్టుకుంది.

బాషా నోటివరకూ వచ్చింది, దాన్ని వదిలేయమని. బయటికి మాత్రం రాలేదు.

మాబున్నీసా వేళ్లు ఉండ మీద కదిలాయి, ముడి దగ్గర ఆగాయి, సరైన కొస వెతికి లాగాయి. ముడి ఊడిపోయింది. అప్పుడు ఆమె తల తిప్పి, చేతిలో ఉన్న కాఫీ రంగు ఉండ వైపు చూసింది.